వన్ ట్వంటీ బై ఎయిటీ

నాకు చెవులు మంచివి. గొప్పలు పోతున్నానని అనుకున్నా ఫరవాలేదు, నిజం కాబట్టి చెబుతున్నాను. పలాసలో నేను డ్యూటీ చేసే డయాలసిస్ వార్డులో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, మెషీన్లు కూతలు పెడుతుంటాయి, ఏదో ఒక మంచం మీద ఎవరో ఒకరు ఫోన్లో కేకలేసి మాట్లాడుతుంటారు. అంత గోలలోనూ స్టెత్ చెవుల్లో పెట్టుకుంటే చప్పుడు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో నాకు తెలిసిపోతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు గబగబా ఒక అంకె రాసేస్తే మళ్లీ చూడమంటాను. అనుమానం తీరకపోతే మూడోసారీ చూడమంటాను. నా వెనక నన్ను ఏమని పిలుచుకుంటారో కూడా తెలుసు. పిలుచుకోనీ. వినని అంకె చెబితే ఏమవుతుందో వాళ్లకంటే నాకు బాగా తెలుసు. ఆ పని నేను నెలా పదిరోజులు చేశాను, అదీ మా అమ్మ మీద.

మాది ఉద్దానంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఇంటి ముందు కొబ్బరిచెట్లు, వెనక జీడితోట. ఇద్దరు ఎదురుపడితే వానల గురించి అడిగినంత మామూలుగా "క్రియాటిన్ ఎంతుంది?" అని అడిగే ఊళ్లు మావి. కిడ్నీ చెడేకొద్దీ రక్తంలో పెరిగే అంకె అది. కిడ్నీ జబ్బు ఏ ఇంటి గడప ఎప్పుడు తొక్కుతుందో ఎవరికీ తెలీదు. మా ఇంటికి నేను ఇంటర్ చదువుతుండగా వచ్చింది, నాన్నకి. నేను నర్సింగు రెండో ఏడాదిలోకి వచ్చేసరికి ఆయన వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. దానికోసం ఎడమచేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు, ఫిస్టులా అంటారు. లోపల రక్తం జుమ్మని పరుగెడుతుంటే అది పనిచేస్తున్నట్టు. నాన్న పొద్దున్నే లేచి మొహమైనా కడుక్కోకుండా ఆ చేతిని చెవికి ఆనించుకుని కాసేపు వినేవాడు. తర్వాత "మోగతంది" అనేవాడు. ఆ మాట చెవినపడ్డాకే అమ్మ టీ పెట్టేది.

నాన్నకి వచ్చింది అమ్మకి రాకూడదు. మా ఇంట్లో ఇంక కోరుకోవడానికి మిగిలింది అదొక్కటే. నేను నర్సింగులో చేరింది కూడా అందుకే. ఇంట్లో చదువుకున్న పిల్ల ఒకతి ఉంటే జబ్బు దొడ్డిదారిన రావడం కుదరదని నా ధీమా.

కరోనా అని హాస్టలు ఖాళీ చెయ్యమన్నప్పుడు మాకు ఒక్క పూట టైమిచ్చారు. బట్టలూ రెండు పుస్తకాలూ బీపీ చూసే పరికరమూ సంచిలో కుక్కుకుని ఇంటికి వచ్చిపడ్డాను. స్టెత్ ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. పెట్టె హాస్టల్లో, దాని తాళంచెవి నా మెడలో. పదిరోజుల్లో మళ్లీ వెళ్లిపోతామనే అందరం అనుకున్నాం.

నెల తిరక్కుండానే చదువు ఫోన్లోకి వచ్చింది. మా ఇంట్లో సిగ్నలు ఉండదు. పక్కింటి పెద్దమ్మవాళ్ల డాబా మీద, అదీ వాటర్ ట్యాంకు పక్కన ఉన్న మూలలో మాత్రం రెండు గీతలు వచ్చేవి. రోజూ పదింటికి పుస్తకమూ గొడుగూ పట్టుకుని అక్కడికి ఎక్కేదాన్ని. మేడమ్ బొమ్మ ఆగిపోయి మాట నడిచేది, లేకపోతే మాట ఆగిపోయి నోరు నడిచేది. రెండూ కలిసి నడిచిన రోజు మా క్లాసులో పండగ. ఇంజెక్షను చెయ్యడం నేర్చుకోవడానికి బత్తాయిలు తెచ్చుకోమన్నారు. రోడ్లే మూసేసిన కాలంలో మా ఊరికి బత్తాయిలు ఎవరు తెస్తారు? తోటలో రాలిన జీడిపళ్లు ఏరుకుని వాటిని గుచ్చాను. రసం చిమ్మి నా బట్టలన్నీ మరకలే. జీడిపండు మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఆ చుడీదారు ఇప్పటికీ నా దగ్గరుంది.

నాన్నకి డయాలసిస్ ఉన్న రోజుల్లో నా క్లాసు పలాసలోనే. మనిషికి తోడొచ్చిన వాళ్లని లోపలికి రానివ్వరు, బయట రేకులషెడ్డు కింద కూర్చోవాలి. అక్కడ సిగ్నలు బ్రహ్మాండంగా ఉండేది. అప్పటికే నా ఇయర్‌ఫోన్లలో ఒక చెవి పలకడం మానేసింది కాబట్టి అక్కడ స్పీకరు పెట్టేసేదాన్ని. ఒకరోజు కిడ్నీ రోగుల ఆహారం గురించి పాఠం. షెడ్డులో ఉన్నవాళ్లంతా దగ్గరికి జరిగి కూర్చుని వింటున్నారు. సంతబొమ్మాళి వైపు సముద్రపు ఒడ్డు నుంచి భర్తని తెచ్చుకునే ఒకావిడ ఉండేది, ఆవిడ నా మోచెయ్యి పొడిచింది.

"మేడమ్మనో మాట అడుగమ్మా. ఉప్పు మానీమంటారు, ఎండుసేప మానీమంటారు. మరి తినీదేటి?"

నేను మైకు తీసి అదే అడిగాను. మేడమ్, పచ్చి చేప కొద్దిగా తినొచ్చని చెప్పండి అంది.

"పచ్చిసేప అమ్ముకోడానికమ్మా, ఎండుసేపే మేం తినీది" అందావిడ, ఫోనుకేసి వంగి. మళ్లీ తనే, "ఇప్పుడు కొనీవోడే నేడు గదా, పచ్చిదే తింటాం నే" అని నవ్వేసింది. మేడమూ నవ్వింది, నేనూ నవ్వాను. ఆ షెడ్డులో నాకు మర్యాద పెరిగిపోయింది. రిపోర్టులు తెచ్చి నా ఒళ్లో పెట్టేవారు. నేను చదివి చెప్పేదాన్ని, తెలిసిందీ తెలియందీ అన్నీ ఒకే గొంతుతో. ఇరవయ్యేళ్ల పిల్లకి అంతకంటే ఏం కావాలి!

ఇంతలో ప్రాక్టికల్స్ కూడా ఫోన్లోనే అన్నారు. బీపీ చూడటం పరీక్ష. మొదటినుంచి చివరిదాకా చెయ్యవలసిన పనులన్నీ వరసగా రాసి పంపారు. రోగికి నమస్కారం పెట్టాలి, ఏం చెయ్యబోతున్నామో చెప్పాలి, ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచాలి, పట్టీ కట్టాలి, ఇలా. ఆఖరి పని, రీడింగు చెప్పడం. స్టెత్ లేనివాళ్లు ఏం చెయ్యాలని సగంమంది అడిగారు. "ప్రస్తుతానికి ఉన్నట్టే చెయ్యండి, మాకు వరస ముఖ్యం" అంది మేడమ్. చేసి చూపించిన వీడియో ఒకటి పంపింది. దాని చివర, "వన్ ట్వంటీ బై ఎయిటీ, నార్మల్" అని చిన్నగా నవ్వుతుంది.

అంతదాకా రోజూ సాధన చెయ్యడానికి రోగి కావాలి కదా. నాన్న ఒప్పుకోలేదు. "నా సేతుల్ని ఊరందరూ గుచ్చీసినారు, నన్నొగ్గీయండి" అన్నాడు. అమ్మ ఒప్పుకుంది. ఒప్పుకోవడం ఏమిటి, ముస్తాబైపోయింది. కాలేజీవాళ్లు చూస్తారని తల దువ్వుకుని, చీర మార్చుకుని, రోజూ నా వెనకాలే డాబా ఎక్కేది. తవ్వ నిండా బియ్యం పోసి అందులో ఫోను నిలబెట్టేదాన్ని. ఇయర్‌ఫోను వైరు మెడలో వేసుకుని, రెండు కొసలూ చెవుల్లో పెట్టుకుని, అదే స్టెత్ అనుకుని, నా మొహం ఫోన్లో ఎలా పడుతోందో చూసుకుంటూ, అమ్మ చేతికి పట్టీ కట్టి గాలి కొట్టేదాన్ని. ముల్లు కిందికి దిగుతుంటే ఏదో వింటున్నట్టు తల పక్కకి వంచేదాన్ని. చివర్లో ఆ మాట చెప్పేదాన్ని.

"వన్ ట్వంటీ బై ఎయిటీ, నార్మల్."

"బాగుందేటి?" అనేది అమ్మ.

"చాలా బాగుందమ్మా."

అమ్మ లేచి కొంగు సర్దుకుని మెట్లు దిగిపోయేది. ఒక్కోసారి ఆఖరి మెట్టు దగ్గర గోడ పట్టుకుని నిలబడేది. ఎండకి అనుకున్నాను. నిజానికి మణికట్టు దగ్గర నాడి పట్టుకుని గాలి కొట్టినా పై అంకె ఎంతో తెలుస్తుంది. ఆ పనీ మేడమ్ పంపిన వరసలో ఉంది. నేను వేళ్లు పెట్టేదాన్ని కూడా. కానీ నా ధ్యాసంతా వేళ్లు ఫోన్లో అందంగా కనబడుతున్నాయా లేదా అన్నదాని మీదే.

పరీక్ష ముందురోజు మా ఊరి సబ్‌సెంటరు నర్సమ్మ దగ్గరికి వెళ్లి స్టెత్ అరువడిగాను. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలూ బీపీలూ చూసుకుని అలిసిపోయి ఉంది. స్పిరిట్‌తో తుడిచి ఇస్తూ, "మీయమ్మ బలే మడిసే. మొన్న బీపీ సూత్తానంటే సెయ్యివ్వనేదు. మా గుంట రోజూ సూత్తంది, బాగుందన్నాది, మళ్లీ నువ్వేటి సూసీదని నన్ను పంపీసినాది" అంది.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంటికొచ్చేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఆ మాటలో ఉన్న ప్రమాదం నా బుర్రకి తట్టలేదు.

పరీక్ష రోజు నా వంతు పదకొండింటికి. అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, గొడుగు కట్టి నీడ చేసి, ఐదు నిమిషాలు ఆగాను. నమస్కారం పెట్టాను. చెయ్యి కుర్చీ చేతిమీద ఉంచి పట్టీ కట్టాను. ఆ రోజే మొదటిసారి అమ్మ చేతి మీద నిజమైన స్టెత్ ఆనించాను. గాలి కొట్టి మెల్లగా వదిలాను.

చప్పుడు వెంటనే మొదలైంది. ముల్లు ఇంకా నూట ఎనభైకి ఆనుకునే ఉంది. టక్, టక్, టక్. నూట అరవై దాటింది, నలభై దాటింది, ఇరవై దాటింది, ఎవరో తలుపు కొడుతున్నట్టు కొడుతూనే ఉంది. నూట పది కిందికి దిగాక ఆగింది.

"రీడింగ్ ఎంతమ్మా?" అంది మేడమ్.

ఇక్కడ నేను ఏమన్నా సాకు చెప్పుకోవచ్చు. భయపడ్డానని, చెవులు మోసం చేశాయేమో అనుకున్నానని. భయపడలేదు. చెవుల మీద అనుమానమూ లేదు. తప్పు విన్నానని మేడమ్ అనుకుంటుందేమో, ఇన్నాళ్లూ బాగా చేస్తున్నానన్న పేరు పోతుందేమో అనిపించింది, అంతే. నాలిక అలవాటైన దారినే పోయింది.

"వన్ ట్వంటీ బై ఎయిటీ మేడమ్. నార్మల్."

"వెరీ గుడ్. బ్యాచ్‌లో ఇంత చక్కగా ఎవరూ చెయ్యలేదు. నెక్స్ట్."

ఫోను ఆపేశాను. అమ్మ లేవబోతుంటే భుజం పట్టి కూర్చోబెట్టాను. మళ్లీ చూశాను. ఇంకో చేతికి కూడా చూశాను. నూట డెబ్బై ఎనిమిది, నూట ఎనిమిది. తర్వాతిసారి కూడా అటూ ఇటూగా అంతే.

"ఏటే, అయిపోనేదేటి?" అంది అమ్మ.

"అమ్మా, నీకు తలపోటుందా?"

"ఉగాది కాడ్నుంచీ ఉన్నాది. మెడెనక పట్టీసినట్టుంటాది. పొద్దుగాల నేత్తే కళ్లు తిరుగుతాయి."

"మరి చెప్పవేమే!"

"సెప్పడానికేటున్నాది? నువ్వు రోజూ సూత్తన్నావు, బాగుందంటన్నావు గదా. ఎండకేమో అనుకున్నాను."

ఇన్నాళ్లూ చూసింది ఉత్తుత్తిదని, చెవుల్లో పెట్టుకున్నది పాటలు వినే వైరని చెప్పాను. అమ్మ నన్ను తేరిపార చూసింది.

"ఆ వైరు ఫోనుకే గదే ఉన్నాది? అట్నుంచి మేడమ్మే ఇంటన్నాదనుకున్నాను."

పెద్ద కాలేజీ మేడమ్ అంత దూరం నుంచి తన రక్తం చప్పుడు విని, కూతురిచేత బాగుందని చెప్పిస్తోందని నమ్మింది మా అమ్మ. అంత నమ్మకం ఉండబట్టే నర్సమ్మని గుమ్మంలోంచే పంపేసింది. జబ్బు దొడ్డిదారిన రాకుండా కాపలా కాస్తానన్న దాన్ని నేనే తలుపు తీసి పట్టుకున్నాను. ఆ డాబా మీద, ఆ ఎండలో, నా మీద నాకు వేసినంత అసహ్యం మళ్లీ ఎప్పుడూ వెయ్యలేదు. అమ్మ ఎదుట ఏడవలేక ట్యాంకు వెనక్కి వెళ్లి ఏడ్చి వచ్చాను.

వచ్చి మేడమ్‌కి ఫోను చేశాను. ఇంకో అమ్మాయి పరీక్ష జరుగుతుండగా మేడమ్ ఎత్తింది, విసుగ్గా.

"మేడమ్, నేను చెప్పిన రీడింగు తప్పు. విన్నది వేరు."

"విన్నది ఎంత?"

చెప్పాను.

"పేషెంటు ఎవరు?"

"మా అమ్మ మేడమ్. మాది ఉద్దానం."

అవతల పరీక్షలో ఉన్న అమ్మాయిని ఆగమంది మేడమ్.

"నీకు వేసిన మార్కులు కొట్టేస్తున్నాను" అంది మేడమ్. "ఉన్నట్టు చెయ్యమన్నది నేనే. అది నా తప్పు, అది నేను చూసుకుంటాను. నిజంగా విని కూడా ఆ అంకె లేనట్టు చెప్పావు చూడు, అది నీది. పరీక్ష మళ్లీ పెడతాను. ముందు అమ్మని తీసుకెళ్లు."

స్టెత్ తిరిగివ్వడానికి పరుగెత్తి, నర్సమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె తిట్టలేదు. వచ్చి తనూ ఒకసారి చూసి, పీహెచ్‌సీ డాక్టరుతో ఫోన్లో మాట్లాడి మాత్ర ఇచ్చింది. మర్నాడు నాన్నకి డయాలసిస్. అదే ఆటోలో ముగ్గురం పలాస వెళ్లాం. నాన్న దారిపొడుగునా కుడిచేత్తో అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. మా నాన్న నలుగురిలో అమ్మ చెయ్యి పట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

అమ్మకి రక్తం తీసుకున్నారు. రిపోర్టు కోసం రేకులషెడ్డు కింద కూర్చున్నాం. సంతబొమ్మాళి ఆవిడ ఎప్పటిలాగే నా పక్కకి జరిగి, "ఇయాల కలాసు నేదేటమ్మా?" అంది. తర్వాత అమ్మని చూసింది, అమ్మ మోచేతి మడతలో దూది చూసింది. తను తెచ్చుకున్న మంచినీళ్ల సీసా మూత తీసి అమ్మకి ఇచ్చింది.

రిపోర్టు వచ్చింది. ఆ షెడ్డులో అందరి కాగితాలూ గడగడా చదివేసిన దాన్ని ఆ ఒక్క కాగితం మడత విప్పలేకపోయాను. డాక్టరే చదివాడు. క్రియాటిన్ కొద్దిగా పెరిగింది. కిడ్నీకి దెబ్బ మొదలైంది గానీ పోలేదు. "బీపీ అదుపులో పెట్టండి, ఉప్పు తగ్గించండి, నొప్పి మాత్రలు మింగకండి. మీకింకా టైముంది. ఇలాగే మరో ఏడాది వదిలేసి ఉంటే నేను ఈ మాట చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు. అమ్మ డాక్టరుకి దణ్ణం పెట్టి, "మా గుంటే కనిపెట్టినాది బాబూ" అంది. ఆ మాటకి నేల చీలితే దూరిపోదామనిపించింది.

రెండు వారాల తర్వాత అదే డాబా మీద మళ్లీ పరీక్షకి కూర్చున్నాను. ఈసారి ఫోన్లో నా మొహం చూసుకోలేదు. కళ్లు ముల్లు మీద, చెవులు అమ్మ మీద. "వన్ ఫార్టీ ఎయిట్ బై నైంటీ టూ. ఎక్కువుంది మేడమ్, కానీ తగ్గుతోంది" అన్నాను. పాసయ్యాను. మొదటిసారి వచ్చినన్ని మార్కులు రాలేదు. ఎన్ని వచ్చాయని కూడా అడగలేదు. తర్వాత వచ్చిన పిల్లలకి మేడమ్ ఆ వీడియో మార్చిందట. ఇప్పుడు దాని చివర అంకె ఉండదు, మీరు విన్నది చెప్పండి అని ఉంటుంది.

చదువు అయ్యాక నేను పలాసకే రావాలని పట్టుబట్టి వచ్చాను. నాన్నకి మంచం పక్కన కూర్చుని నా చేతులతో సూది పెట్టిన రోజులు కొన్ని దక్కాయి. రెండేళ్ల కిందట ఆయన పోయాడు. ఇంట్లో పొద్దున్నే ఆ "మోగతంది" వినబడక, కొన్ని నెలలు అమ్మకి టీ ఎప్పుడు పెట్టాలో తెలిసేది కాదు.

అమ్మ మాత్రం ఇప్పటికీ డయాలసిస్ మంచం ఎక్కలేదు. ఎక్కనివ్వను. పొద్దున్న డ్యూటీకి బయల్దేరే ముందు అమ్మ వసారాలో పీట వేసుకుని కూర్చుని చెయ్యి చాపుతుంది. ఇప్పుడు తల దువ్వుకోవడాలూ చీర మార్చుకోవడాలూ లేవు. నేను పట్టీ కట్టి గాలి కొట్టి వదులుతాను. వదులుతున్నంతసేపూ అమ్మ ముల్లుకేసి చూడదు, నా మొహంకేసి చూస్తుంది. మొన్న కూడా అంకె చెప్పగానే అలాగే చూస్తూ అడిగింది.

"ఇన్నావా, ఒప్పసెప్పీసినావా?"

"విన్నానమ్మా" అన్నాను.

"మళ్లోపాలి ఇను" అంది చెయ్యి చాపే ఉంచి. నేను మళ్లీ గాలి కొట్టాను.